మరచెంబుతో మద్రాసుకు

ప్రయాణానికి ముందురోజు రాత్రి ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. మర్నాటికి కూడా నిలవుండాలని పులిహోరలో నూనె ఒక గరిటె ఎక్కువే పడేది. జంతికలు రేకుడబ్బాలోకి, అటుకులు గుడ్డసంచిలోకి, కారప్పొడి కాగితం పొట్లంలోకి చేరేవి. అన్నిటికంటే ముందు అటక మీంచి దించేది మరచెంబును. ఇత్తడిది, మూత మర తిప్పి బిగించేది, తలకిందులు చేసినా చుక్క కారనిది. రైల్లో తాగే నీళ్లకు అదే, సత్రంలో రాత్రి తలదగ్గర పెట్టుకోడానికి అదే, తెల్లారి ముఖం కడుక్కోడానికీ అదే. డబ్బు మాత్రం రెండు చోట్ల ఉండేది: కొంత ఆయన రొంటిన, కొంత ఆవిడ కొంగుముడిలో. ఒకచోట జేబుదొంగ చెయ్యి పడినా రెండోచోట తిరుగు టిక్కెట్టుకు మిగలాలి.

కోస్తా నుంచీ రాయలసీమ నుంచీ మధ్యతరగతి ఆలుమగలు చెన్నపట్నం చూడ్డానికి బయల్దేరిన తీరు ఇది. రైలొచ్చిన నాటి నుంచి 1980ల దాకా, అటూ ఇటూగా వందేళ్లు, ఇందులో పెద్ద మార్పు రాలేదు. మద్రాసు చరిత్ర రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. కోట కట్టిన కుంపిణీవాళ్ల గురించి, గవర్నర్ల గురించి, దుబాసీల గురించి, సినిమా స్టూడియోల గురించి పుస్తకాలకు కొదవ లేదు. రెండు మూడు రోజులకు సరిపడా డబ్బుతో సెంట్రల్ స్టేషన్లో దిగి, ఆ డబ్బులోనే ఊరు చూసుకుని ఇంటికి చేరిన ఇద్దరి గురించి మాత్రం వాటిలో వెతుక్కోవాలి. వాళ్లకూ ఒక మద్రాసు ఉండేది. దాని వీధులు వేరు, హద్దులు వేరు, చూడదగ్గ స్థలాల జాబితా వేరు.

ఆ ఊరి పేరు తెలుగువాళ్లకు నోట్లో నానిందే. 1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే కి ఆ ఇసుకనేల మీద కోట కట్టుకునే హక్కు రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే అది చెన్నపట్నం అయింది. పల్లెల్లో ఆ పేరు కూడా అరిగిపోయి ఉట్టి ‘పట్నం’గా మిగిలింది. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను దినపత్రికగా అక్కణ్నుంచే మొదలుపెట్టాడు. 1947లో పుట్టిన చందమామ కూడా అక్కణ్నుంచే వచ్చేది. అట్ట వెనక అచ్చయిన ‘వడపళని, మద్రాసు-26’ అన్న చిరునామా తమ సొంత ఊరి పిన్‌కోడు తెలియని పిల్లలకు కూడా కంఠతా వచ్చు. చూడని ఊరే అయినా ఎరిగిన ఊరు. ఒకసారి చూసి రావాలన్న కోరిక అలా పుట్టినదే.

కోరిక ఉంటే చాలదు, కారణం కావాలి. ఉమ్మడి కుటుంబంలో పెళ్లయి రెండు మూడేళ్లయిన జంట ‘ఊరికే చూసొస్తాం’ అని గడప దాటడం కుదిరే పని కాదు. ఖర్చు ఒక మాట, పెద్దల ముందు సిగ్గు ఇంకో మాట. అందుకని పట్నం ప్రయాణం ఎప్పుడూ ఇంకో ప్రయాణం నీడలో సాగేది. అన్నిటికంటే గట్టి కారణం తిరుపతి. మొక్కు తీర్చుకోడానికి వెళ్లిన వాళ్లకు అక్కణ్నుంచి మద్రాసు నూటనలభై కిలోమీటర్లు కూడా లేదు. కొండ దిగి రేణిగుంటలో రైలెక్కితే మధ్యాహ్నానికి పట్నం. అత్తగారికి చెప్పేది తిరుపతి, ఆలుమగలు గుసగుసగా అనుకునేది మద్రాసు. రెండో కారణం ఆసుపత్రి. సెంట్రల్ స్టేషన్‌కి ఎదురుగా జనరల్ ఆసుపత్రి, ఎగ్మూరులో 1819 నాటి కంటి ఆసుపత్రి. వైద్యానికని వచ్చి, డాక్టరు రేపు రమ్మంటే ఈ పూట ఏం చేస్తారు? ఊరు చూస్తారు. మూడోది పెళ్లిబట్టలు. ఆడపడుచు పెళ్లికి పట్టుచీరలు కొనుక్కురమ్మని వదినా అన్నలను పంపడంలో ఆ ఇంటి పెద్దావిడ మంచితనం కూడా కొంత ఉండేదని గట్టిగా చెప్పొచ్చు. వాళ్లిద్దరికీ నాలుగు మాటలు మాట్లాడుకునే వీలు ఆ ఇంట్లో లేదని ఆవిడకు తెలియనిది కాదు.

రైలు రాకముందు ఈ ప్రయాణం నీటి మీద జరిగేది. గోదావరి, కృష్ణా డెల్టాల కాలవలు ఒకదాన్నొకటి అందుకుని దక్షిణాన కొమ్మమూరు కాలవ మీదుగా పెదగంజాం దగ్గర సముద్రం పక్కనే సాగే పెద్ద కాలవలో కలిసేవి. 1876-78 నాటి ధాతు కరువులో కూలిపనిగా తవ్వించి, ఉన్న ముక్కలను అతికించి, అప్పటి గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హామ్ కాలవ అని పేరు పెట్టారు. పొడవు 420 కిలోమీటర్ల పైమాటే. కాకినాడలో పడవెక్కినవాడు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరొచ్చు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టున నడుస్తూ తాడు లాగే మనుషులు. రోజులు పట్టేది. పడవలో వంట, పడవలోనే పడక. అయితే ఆ పడవల్లో ఎక్కువగా నడిచినవి ధాన్యం, ఉప్పు, కట్టెలు. సరదాగా చూసిరావడానికి ఆలుమగలు అన్ని రోజులు నీళ్ల మీద గడపడం కలిగినవాళ్లకే చెల్లింది.

సీమవాళ్లకు రైలు ముందొచ్చింది. 1871 నాటికే మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడ్డాయి. కోస్తావాళ్లు 1899 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు బెజవాడ నుంచి మద్రాసుకు లైను తెరుచుకోవడంతో పడవలో రోజులు పట్టే దారి ఒక్క రాత్రికి కుదించుకుపోయింది. మూడో తరగతి టిక్కెట్టు ఎంతో కొంత అందుబాటులో ఉండేది. ఆ బల్లలకు మెత్తలు లేవు, మొదట్లో ఫ్యాన్లూ లేవు. 1974లో మూడో తరగతి అన్న పేరు పోయేదాకా చాలామంది తెలుగు దంపతులు పట్నం చూసింది ఆ చెక్కబల్లల మీద రాత్రంతా కూర్చునే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1890 నాటి రైల్వే చట్టం ప్రతి బండిలోనూ కింది తరగతిలో ఒక పెట్టె అయినా ఆడవాళ్లకు విడిగా ఉంచాలంది. బండి యాభై మైళ్లు దాటి పోయేదయితే ఆ పెట్టెలో మరుగుదొడ్డి కూడా ఉండాలంది. మంచి నిబంధనే. కిక్కిరిసిన బండిలో ఇల్లాలికి అదే భద్రం అని భర్త ఆవిడను జనానా పెట్టెలో ఎక్కించి తాను పక్క పెట్టెలో నిలబడేవాడు. జంటగా బయల్దేరిన ఇద్దరు ప్రయాణమంతా విడివిడిగా ఉండేవారు. బండి ఒంగోల్లో ఆగినా, నెల్లూర్లో ఆగినా, గూడూర్లో ఆగినా ఆయన దిగి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మరచెంబు అందుకుని, కుళాయి దగ్గర నింపి, బండి కదిలేలోగా తెచ్చి ఇచ్చేవాడు. ఇంట్లో పదిమందిలో భార్యకు గ్లాసుడు నీళ్లందించడానికి మొహమాటపడే మనిషి ప్లాట్‌ఫారం మీద వందమంది చూస్తుండగా అందించేవాడు. అక్కడ ఎరిగినవాళ్లెవరూ లేరు కదా.

సెంట్రల్ స్టేషన్ 1873లో తెరుచుకుంది. ఎర్రటి గోడలు, గడియారం గోపురం. బయటికి రాగానే జట్కావాళ్లు, చేతిరిక్షాలవాళ్లు చుట్టుముట్టేవారు. పట్నంలో డబ్బు పోయే మొదటి చోటు అదే. ఎరిగినవాళ్లు ఇచ్చి పంపిన సలహా ఒక్కటే: ఎవరి మాటా వినకు, రోడ్డు దాటు.

రోడ్డుకి అవతల సర్ సవలై రామస్వామి మొదలియార్ కట్టించిన సత్రం ఉండేది. 19వ శతాబ్దం చివర్లో, సరిగ్గా స్టేషన్‌కి ఎదురుగా, ఆయన దాన్ని కట్టించడం వెనక ఉన్న ఆలోచనను మెచ్చుకోకుండా ఉండలేం. కొత్త ఊర్లో దిగిన మనిషికి మొదటి గంటే కష్టం. ఎక్కడికి పోవాలో తెలియదు, ఎవర్ని నమ్మాలో తెలియదు. ఆ గంటలోనే తలుపు తెరిచి ఉన్న ఇల్లు కనబడాలి. సత్రాలు అంటే పుణ్యం కోసం కట్టినవని కొట్టిపారేస్తాం గానీ, స్థలం ఎంచుకోవడంలో కొందరు దాతలు చూపిన తెలివి నగర నిర్మాణం చదువుకున్నవాళ్లకు ఏమాత్రం తీసిపోదు.

అసలు ఇంగ్లీషువాళ్లు మద్రాసులో సత్రాన్ని పిలిచే ‘చౌల్ట్రీ’ అన్న మాట మన ‘చావడి’ నుంచి వెళ్లిందే. చావడి అంటే నలుగురూ కూర్చునే చోటు, పంచాయతీ చెప్పే చోటు, బాటసారి తలదాచుకునే చోటు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ సత్రం ఉందా, నీళ్లున్నాయా, అంగళ్లలో ఏ సరుకు దొరుకుతుంది అని రాసుకుంటూ పోయాడు. సుప్రీంకోర్టు దుబాసీ, పెద్ద పరివారంతో వెళ్లినవాడు. ఆయనకే సత్రం లెక్క అంత ముఖ్యమైతే, రొంటిన నాలుగు రూపాయలున్న వాడికి ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

సత్రంలో సాధారణంగా మూడు రోజులు ఉండనిచ్చేవారు. గది దొరికితే అదృష్టం, లేకపోతే వరండాలో చాప. బావి నీళ్లు, వండుకోడానికి వెనకాల పొయ్యిలు. బియ్యం ఇంటినుంచి మూటగట్టుకొచ్చినవాళ్లు అక్కడే వండుకునేవారు. ‘సత్రం భోజనం, మఠం నిద్ర’ అని తెలుగులో ఒక మాట ఉంది, ఇల్లూ వాకిలీ లేనివాణ్ని తక్కువ చేస్తూ అనేది. పట్నం చూడబోయిన ఆలుమగలకు అది తక్కువ కాదు. ఆ చాప వల్లే కొంగుముడిలో డబ్బు మిగిలింది, మర్నాటి ఊరు చూడ్డం అందులోంచే వచ్చింది. జార్జిటౌన్‌లోకి వెళ్తే కన్యకాపరమేశ్వరి దేవస్థానం, దాన్ని ఆనుకుని ఉన్న కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు. ఆ వీధుల్లో వైశ్యుల ధర్మసంస్థలు చాలా ఉండేవి. తెలుగు ప్రతి మలుపులోనూ వినబడేది. భాష తెలిసిన చోట బేరం తేలిక, మోసం తక్కువ. తంగసాల వీధిలో తెలుగులో దారి అడిగితే తెలుగులోనే జవాబొచ్చేది.

ఈ చావళ్ల తలుపులు అందరికీ తెరుచుకోలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. చాలా సత్రాలు ఫలానా కులానికని రాసిపెట్టినవి. కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది, రైల్వే భోజనశాలల్లోనూ ఆ విభజన 1940ల మొదటిదాకా సాగింది. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన జంటకు అదే డబ్బుతో అదే మద్రాసు దొరకలేదు. వాళ్లకు సత్రం అరుగు కూడా అందని రోజులున్నాయి. బంధువుల గుడిసెలో తలదాచుకోవడమో, స్టేషన్ ఆవరణలో రాత్రి గడపడమో తప్ప దారి లేదు. 1938లో మద్రాసు శాసనసభ తెచ్చిన చట్టం బహిరంగ స్థలాల్లో ఈ అడ్డంకులను తొలగించబోయింది. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లనూ దుకాణాలనూ పేరుపెట్టి చెప్పింది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం ధర్మశాలలను కూడా చేర్చింది. ఒక సత్రం గదికోసం దేశం రాజ్యాంగం దాకా వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి, చౌక ప్రయాణాల చరిత్ర రాసేవాళ్లు మరిచిపోకూడనిది.

సామాను సత్రంలో పడేశాక ఊరు చూడ్డం మొదలు. మొదటి మజిలీలన్నీ సెంట్రల్ చుట్టూ నడకదూరంలోనే. స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్. కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు మీద 1900లో తెరిచిన ఆ ఎర్ర ఇటుకల అంగడిలో దొరకనిదంటూ లేదు. పాత పుస్తకాలు, గ్రామఫోను పెట్టెలు, చిలకలు, కుందేళ్లు, తాళాలు, చెక్కబొమ్మలు. అక్కడ చెప్పిన ధరకు సగం నుంచి బేరం మొదలుపెట్టాలని పల్లెల్లో అందరికీ తెలుసు. కొనకపోయినా తిరగొచ్చు. మూర్ మార్కెట్ వెనకే పీపుల్స్ పార్కు, అందులో జంతుప్రదర్శనశాల.

ఆ జంతువుల కథ వినతగ్గది. మద్రాసు మ్యూజియం 1851లో కోట కాలేజీ భవనం మేడమీద మొదలైంది. మూడేళ్లకు ఎగ్మూరు పాంథియన్ భవనానికి మారింది. దాని అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ వైద్యుడు. మ్యూజియంలో బతికున్న పులులను పెడితే చూడ్డానికి జనం ఎగబడ్డారు. అది గమనించి 1855లో అక్కడే జంతుశాల పెట్టించాడు. 1863లో దాన్ని పీపుల్స్ పార్కుకు మార్చారు. కాలేజీలో పుట్టిన సంస్థ కనుక జనం దాన్ని కాలేజీ అనే పిలిచారు. ఎండబెట్టిన, గడ్డి కూరిన జంతువులున్న మ్యూజియం ‘చచ్చిన కాలేజీ’ అయింది, జంతుశాల ‘బతికిన కాలేజీ’ అయింది. పల్లె నుంచి వెళ్లొచ్చినవాళ్లను మొదట అడిగే ప్రశ్న అదే: రెండు కాలేజీలూ చూశారా?

చచ్చిన కాలేజీలో ఒక గదిలో అమరావతి శిల్పాలుండేవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన సున్నపురాతి పలకలవి. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లిపోయింది. తరవాతి తవ్వకాల్లో దొరికినవాటితో కలిపి మద్రాసులో పెద్ద సంపదే మిగిలింది. గుంటూరు జిల్లా నుంచి రాత్రంతా చెక్కబల్ల మీద కూర్చునొచ్చిన దంపతులు అక్కడికొచ్చి చూసింది తమ ఊరి పక్క రాళ్లను. కృష్ణ ఒడ్డున తమ తాతలు ఎద్దులు తోలుకెళ్లిన దిబ్బలోంచి లేచొచ్చిన బౌద్ధుల స్తూపం అది. ఆ పలకల మీద ఏనుగులున్నాయి, నగలు పెట్టుకున్న ఆడవాళ్లున్నారు, మొగుడి పక్కన ఒదిగి కూర్చున్న ఇల్లాళ్లున్నారు.

తిండి మాట చెప్పుకోవాలి. రెండో పూటకు పులిహోర అయిపోయేది. అప్పుడు ఉడిపి హోటలు. 1920ల నుంచి దక్షిణ కన్నడం నుంచి వచ్చినవాళ్లు మద్రాసులో ఒకటొకటిగా తెరిచిన ఈ హోటళ్లు ఖర్చు తెలిసినవాళ్లకు దేవుడిచ్చిన వరం. వాళ్లలో కె. కృష్ణారావు పేరు ముందు చెప్పాలి. వంటింట్లో పనికుర్రాడిగా మొదలై, జార్జిటౌన్ ఆచారప్పన్ వీధిలో చిన్న హోటలు నడిపి, 1938లో వుడ్‌ల్యాండ్స్ దాకా ఎదిగాడు. 1962లో ఆయన కేథడ్రల్ రోడ్డు దగ్గర తెరిచిన డ్రైవిన్ 2008 దాకా నడిచింది. అవి కార్లున్నవాళ్లు వెళ్లే చోట్లు. పల్లె దంపతులు వెళ్లింది స్టేషన్ దగ్గరి చిన్న ఉడిపి హోటలుకి, ఇడ్లీకి, ఒక కాఫీకి.

ఆ చిన్న హోటళ్లలో ఒక మూల ‘ఫ్యామిలీ రూం’ ఉండేది. రూం అన్నది పేరుకే. మూడు పక్కల చెక్క తడికలు, నాలుగో పక్క తాడుకు వేలాడే పూల గుడ్డ. లోపల రాతిపలక బల్ల, ఎదురెదురుగా రెండు బెంచీలు. సర్వరు గుడ్డ పక్కకు తీసి ‘ఏం కావాల’ని అడిగి, మళ్లీ వేసేసి పోయేవాడు. ఇత్తడి గిన్నెలో లోటా, లోటాలో కాఫీ, మీద నురగ. ఒక కాఫీ తెప్పించి ఇద్దరూ సగం సగం పంచుకోవడం ఆ బల్ల దగ్గర జరిగేది. గిన్నెలోకి వంచి ఆవిడ ముందు తాగేది, లోటాలోది ఆయన. ఇంట్లో మగవాళ్లు తిన్నాక విస్తరి వేసుకునే ఇల్లాలు భర్తకు ఎదురుగా, అదే వేళకు, అదే బల్ల మీద తినడం చాలామంది జీవితంలో మొదటిసారి ఆ గుడ్డ చాటునే జరిగింది. హోటలు వాడు ఆడవాళ్ల మరుగుకోసం కట్టిన తడిక అది. దాని వెనక ఒక సంసారం కొత్త అలవాటు నేర్చుకుంది. మద్రాసు ఆలుమగలకిచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

ట్రాము ఇంకో సంబరం. దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాము మద్రాసులోనే 1895లో నడిచింది. గుర్రం లేదు, ఎద్దు లేదు, పొగ లేదు, పైన తీగ పట్టుకుని బండి కదిలేది. జట్కాకిచ్చే దానిలో చిన్న వంతుకే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. ఎక్కాల్సిన పని లేకపోయినా ఒకసారి ఎక్కి దిగినవాళ్లున్నారు. 1931 నుంచి బీచ్ స్టేషన్-తాంబరం మధ్య కరెంటు రైలు కూడా తోడయింది.

సాయంత్రానికి సముద్రం. 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడ నడకబాట వేయించి మెరీనా అని పేరుపెట్టాడు. దానికి టిక్కెట్టు లేదు, వేళ లేదు, కులం లేదు. సీమ నుంచి వచ్చిన జంటకు సముద్రం చూడ్డం అదే మొదటిసారి కావొచ్చు. 1909 నుంచి కొన్నాళ్లు ఇసుక పక్కనే చేపల ప్రదర్శనశాల కూడా ఉండేది, రెండో ప్రపంచయుద్ధంలో మూతపడింది. పొట్లంలో సుండల్ శనగలు, చీకటి పడుతుంటే హైకోర్టు గోపురం మీంచి తిరిగే దీపం. తడిసిన చీర కుచ్చిళ్లలో పట్టిన ఇసుక ఊరు చేరాక కూడా రాలుతుండేది. సీసాలో సముద్రపు నీళ్లు ఇంటి ముసలమ్మకు పట్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు.

1959లో మౌంట్ రోడ్డు మీద ఎల్ఐసీ భవనం లేచాక జాబితాలో అదీ చేరింది. పద్నాలుగు అంతస్తులు, అప్పటికి దేశంలోనే ఎత్తైనది. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టడానికి డబ్బులక్కర్లేదు.

అంతకు ముందే రాష్ట్రం విడిపోయింది. మద్రాసుతో సహా ఆంధ్రరాష్ట్రం కావాలని పట్టుబట్టిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరులో మైలాపూర్‌లో నిరాహారదీక్షలో ప్రాణం వదిలాడు. 1953 ఏప్రిల్లో ట్రాములు ఆగిపోయాయి, అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మద్రాసు లేకుండా ఏర్పడింది. పత్రికలు రాసినంత వేడి రైలుపెట్టెల్లో లేదు. పట్నం ఇప్పుడు పరాయి రాష్ట్రం అయిందని తెలిసీ జనం ఎప్పటిలాగే వెళ్లారు. పైగా వెళ్లడానికి కొత్త కారణం వచ్చింది.

వడపళని, కోడంబాకం వైపు విజయా-వాహినీ, ఏవీఎం స్టూడియోలు తెలుగు సినిమాకు కార్ఖానాలయ్యాయి. 1957లో మాయాబజార్‌లో కృష్ణుడిగా, 1960లో శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో సాక్షాత్తూ ఏడుకొండలవాడిగా కనిపించిన ఎన్టీఆర్ త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఉండేవాడు. తిరుపతి యాత్రా బస్సులు కొండ దిగి తిన్నగా ఆ రోడ్డుకు వచ్చేవి. గుండు మీద గంధం ఆరకముందే ఆలుమగలు బస్సు దిగి, లడ్డు ప్రసాదం చేతబట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. తెల్లవారుజామునే ఆయన బయటికొచ్చి చేతులు జోడించి, ఎక్కణ్నుంచి వచ్చారని అడిగేవాడు. రాత్రి క్యూలో నిలబడి చూసిన దేవుణ్ని పొద్దున్నే పంచెకట్టులో చూడ్డం ఆ జనానికి ఎంతమాత్రం తేడాగా అనిపించలేదు. టిక్కెట్టు లేని దర్శనం అది. 1982లో ఆయన పార్టీ పెట్టి హైదరాబాదుకు తరలిపోయాక ఆ బస్సుల దారి మారింది. ఆ రోడ్డు మీద నిలబడ్డ జనంలోంచి ఎన్ని ఓట్లు పుట్టాయో లెక్కకట్టినవాళ్లు లేరు. తరవాతి ఏడాది జనవరి ఎన్నికల ఫలితాలను చూస్తే ఆ గేటు గుర్తుకు రాక తప్పదు.

త్యాగరాయనగర్‌కు వెళ్తే పట్టుచీరలు. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద వెలసిన పేట, పానగల్ రాజా పేరు మీద పార్కు, ఇద్దరూ తెలుగువాళ్లు. 1928 నుంచి అక్కడే నల్లి చీరల దుకాణం. మూర్ మార్కెట్లో గంటసేపు గీసి గీసి బేరమాడిన ఆవిడే ఇక్కడ రాసిపెట్టిన ధరకు మారుమాట్లాడకుండా ఇచ్చేది. మూడు రోజుల ఖర్చంతా కలిపినా ఆ ఒక్క చీరకు చాలదు. అయినా అది వేరే మూటలో డబ్బు, పెళ్లివారి డబ్బు. దాన్ని ముట్టుకుని తమకోసం ఇంకో కాఫీ తాగినవాళ్లు తక్కువ. తమకోసం అనుకున్నది 1969 తరవాతయితే బర్మా బజారులో దొరికేది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లకోసం బీచ్ స్టేషన్ దగ్గర పెట్టిన ఆ వరస దుకాణాల్లో విదేశీ టార్చిలైటో, మడిచే గొడుగో.

వెళ్లేముందు ఫొటో. స్టేషన్ దారిలో ఏదో ఒక స్టూడియో ఉండేది. ఆయన కుర్చీలో, ఆవిడ పక్కన నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి, వెనక తెరమీద మేడ, మెట్లు, పూలకుండీ. ‘నవ్వండమ్మా’ అంటే ఆవిడ నేల చూసేది. కాపీ పోస్టులో వచ్చేది. అట్టకు కుడిమూల కింద స్టూడియో పేరు, దాని పక్కన ‘మద్రాసు’ అని అచ్చు. పాత ఇళ్లలో వసారా గోడకు ముందుకు వంచి కట్టిన ఆ పటాలు ఇప్పటికీ ఉన్నాయి. మనవలకు ఆ ఇద్దరూ అంత చిన్నవాళ్లుగా ఉన్న ఫొటో ఇంకోటి దొరకదు.

1985 ఒక్క ఏడులోనే ఆ నడకదారి చెదిరింది. మే 30న మూర్ మార్కెట్ తగలబడింది. దాని స్థలంలో లోకల్ రైళ్ల స్టేషన్ వచ్చింది. అదే ఏడాది జంతుశాలను ఊరి బయట వండలూరు అడవికి తరలించారు. జంతువులకు అది మేలు. సెంట్రల్‌లో దిగి కాలినడకన పులిని చూసే రోజులు మాత్రం పోయాయి. చేతిరిక్షాలు అంతకుముందే 1970లలో తొలగించారు. అది కూడా మంచిదే. కొత్వాల్ చావడి కూరగాయల టోకు వ్యాపారం 1996లో కోయంబేడుకు వెళ్లింది.

ఆసుపత్రి కారణం మాత్రం పోలేదు. నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ కడప నుంచీ ఇవాళ్టికీ ఆలుమగలు చెన్నై పెద్దాసుపత్రులకు వస్తూనే ఉన్నారు. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో రోజు అద్దెకు గదులిస్తారు. కొన్నింట్లో గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు కూడా ఉంటాయి. బియ్యం, పచ్చడి సీసా ఇంటినుంచే వస్తాయి. పరీక్షల కాగితాలు రేపు వస్తాయని చెప్పిన సాయంత్రం వాళ్లు సిటీ బస్సెక్కి మెరీనాకు వెళ్తారు. చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో చాలాదూరం నడవాలి, అక్కడ తీరం వెడల్పు ఎక్కువ. నీళ్ల దగ్గరికి చేరాక ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంటుంది, అల తగ్గేదాకా వదలదు.